అవగాహన: యాంటీసైకోటిక్ మందులు – పనితీరు, జాగ్రత్తలు

ఏమిటివి?
ఎవరో చెవిలో తిడుతున్నారని, అన్నంలో మందు కలిపారని ఒక మనిషి గట్టిగా నమ్ముతుంటే, మా తీరప్రాంతంలో, చిట్టమూరు వైపు పల్లెల్లో ముందు వినబడే మాట ‘గాలి సోకింది’. అంత్రం కట్టించాకే ఆసుపత్రి. వైద్యంలో ఈ స్థితి పేరు సైకోసిస్. దాన్ని తగ్గించేవే ఈ మందులు. ఇవి నిద్రమాత్రలు కావు. మత్తు కొన్నింటికి ఉన్న దుష్ప్రభావం మాత్రమే.

చరిత్ర
సర్పగంధి వేరు ఉన్మాదానికి, రక్తపోటుకు పనిచేస్తుందని 1931లో వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. అయినా మొదటి యాంటీసైకోటిక్ ఏదంటే క్లోర్‌ప్రొమజిన్ అనే చెప్పాలి. 1952లో పారిస్‌లో మానసిక వైద్యులు డిలే, డెనికర్ దాని ఫలితాలు ప్రకటించారు.

పనిచేసే తీరు
మెదడులో కబుర్లు మోసే రసాయనాల్లో డోపమిన్ ఒకటి. దానిపై పరిశోధనకే శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ దక్కింది. సైకోసిస్‌లో ఒక దారిలో డోపమిన్ మితిమీరుతుంది. మందు వెళ్లి డోపమిన్‌ను అందుకునే డీ2 గ్రాహకాలకు అడ్డుపడుతుంది. చిక్కల్లా అది అన్ని దారుల్లోనూ అడ్డుపడటమే. మీసోలింబిక్ దారిలో అడ్డుపడితే భ్రమలు తగ్గుతాయి. నైగ్రోస్ట్రయేటల్ దారిలో అయితే చేతులు వణుకుతాయి, మెడ పట్టేస్తుంది, కుదురుగా కూర్చోలేరు. పిట్యూటరీ వైపు దారిలో అయితే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగి నెలసరి తప్పుతుంది. ఈ మూడు దారులు అర్థమైతే ఈ దుష్ప్రభావాలను బట్టీ పట్టక్కర్లేదు.

హాలోపెరిడాల్ వంటి పాతవాటితో ఒళ్లు బిగుసుకోవడం ఎక్కువ. కొత్తవాటిలో ఒలాంజపిన్‌తో బరువు, షుగర్ పెరుగుతాయి. రెండు మందులకు లొంగని జబ్బుకు క్లోజపిన్ ఇస్తారు. తెల్లకణాలు పడిపోవచ్చు కాబట్టి మొదట్లో వారం వారం రక్తపరీక్ష తప్పనిసరి.

ఎండాకాలం
మా తీరానికి ఇదే ముఖ్యం. ఈ మందులు ఒంటి వేడిని అదుపుచేసే శక్తిని దెబ్బతీస్తాయి. బిగుసుకోవడం తగ్గడానికిచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమటనూ తగ్గిస్తుంది. రోహిణి కార్తెలో రొయ్యల గుంట గట్టున పనిచేసేవారికి నీళ్లు, నీడ కూడా మందుతో సమానమే. తీవ్రజ్వరం, కట్టెలా బిగుసుకోవడం, తికమక ఒకేసారి వస్తే అది ఈ మందుల వల్ల వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనే ప్రమాద స్థితి కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆపడం
‘బాగయ్యాడు కదా, ఇంకెందుకు మాత్రలు?’ అని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. కొన్ని నెలల్లో జబ్బు తిరగబెట్టవచ్చు. మొదటిసారి వచ్చినా, కుదుటపడ్డాక సాధారణంగా ఏడాది, రెండేళ్లు వాడాలి. మోతాదు తగ్గించాల్సింది డాక్టరే, అదీ మెల్లగా. గర్భిణులూ సొంతంగా ఆపకూడదు. మాత్ర మరిచిపోయేవారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే సూదిమందు ఉంది. సందేహం వస్తే 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా, పగలయినా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.