విన్నది మనదవ్వాలంటే: 12వ అధ్యాయంతో 20 రోజులు

వీడియోలో శ్రవణం గురించి చెప్పుకున్నాం కదా. దాని తర్వాతి మెట్ల గురించి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మనకి వినడానికి కొదవ లేదు. మెట్రోలో ప్రవచనం, వంట చేస్తూ స్తోత్రం. కానీ నిన్న విన్నదాంట్లో ఏం గుర్తుందంటే చాలామంది తడుముకుంటారు. కష్టం వచ్చిన రోజున మనల్ని నిలబెట్టేది ఎన్ని గంటలు విన్నామన్నది కాదు, ఏ మాటని మనదిగా చేసుకున్నామన్నది.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన దారి ఇదే: శ్రవణం, మననం, నిదిధ్యాసనం. అంటే వినడం, సందేహం తీరేదాకా ఆలోచించడం, తేలిన అర్థంలో మనసు నిలపడం.

ఇలాంటి క్రమం క్రైస్తవ సన్యాసుల్లోనూ ఉంది. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో మఠాధిపతిగా ఉన్న రెండవ గ్వీగో బైబిల్ అధ్యయనానికి నాలుగు మెట్లు రాశాడు: చదవడం, మననం, ప్రార్థన, ధ్యానం. చదవడమంటే ఆహారం నోట్లో పెట్టుకోవడం, మననమంటే నమలడం అని ఆయన పోలిక. నమలకుండా మింగితే ఒంటబట్టదు కదా!

మరి ఎలా మొదలుపెట్టాలి? నా సలహా, గీతలో 12వ అధ్యాయం, భక్తియోగం. 20 శ్లోకాలే. రోజుకి ఒకటి, 15 నిమిషాలు చాలు.

1. ఫోన్ పక్కన పెట్టి శ్లోకాన్ని మూడుసార్లు పైకి చదవండి. ప్రతిపదార్థం ఉన్న పుస్తకం తీసుకోండి.

2. అర్థాన్ని మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.

3. ఒక ప్రశ్న రాయండి. ఉదాహరణకి 13వ శ్లోకం ఏ ప్రాణినీ ద్వేషించని భక్తుడి గురించి చెబుతుంది. "ఆఫీసులో నాకు పడని మనిషి సంగతేంటి?" అని నిజాయితీగా అడగండి. అసలు మననం అక్కడ మొదలవుతుంది.

4. చివర్లో కళ్లు మూసుకుని ఆ ఒక్క భావంతో కాసేపు ఉండండి.

మధ్యలో ఒక రోజు తప్పితే? అదే అధ్యాయంలో 8 నుంచి 11 వరకూ చూడండి. మనసు నాలో నిలుపు, కుదరకపోతే అభ్యాసం చెయ్యి, అదీ కాకపోతే నా కోసం పని చెయ్యి, అదీ చేతకాకపోతే ఫలాన్ని వదిలెయ్యి అంటాడు కృష్ణుడు. ఎక్కడా "నువ్వు పనికిరావు" అనలేదు. మర్నాడు మళ్లీ కూర్చోండి, అంతే.

ప్రశ్న అడిగితే భక్తి తగ్గుతుందేమోనని కొందరికి భయం. ఈ అధ్యాయం మొదలయ్యేదే అర్జునుడి ప్రశ్నతో! పైగా 18వ అధ్యాయంలో, బోధ దాదాపు పూర్తయ్యాక, అంతా బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమంటాడు స్వామి. భగవంతుడే ఆలోచించుకోమన్నాక మనకెందుకు సంకోచం?

రేపు పొద్దున్నే మొదటి శ్లోకం తెరవండి. పక్కన ఒక నోట్‌బుక్ ఉంచుకోండి. కృష్ణార్పణం.