కారు యాంప్లిఫయరుకు వైరు, ఫ్యూజు: ఒక చిన్న లెక్క

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. కరెంటు సంగతి నీకెందుకు అని మీరు అడగవచ్చు. హోసూరులో మా ఇంట జరిగినదే నాకీ పాఠం నేర్పింది.

డిప్లొమా చదువుతున్న మా మనవడు నా పాత కారులో 300 వాట్ల యాంప్లిఫయరు పెట్టించాడు. పాట గట్టిగా పెడితే 30 ఆంపియర్ల ఫ్యూజు పోయేది. రెండుసార్లు పోయాక, బిగించినతను 60 ఆంపియర్లది వేశాడు. "ఇంక పోదులే తాతా" అన్నాడు మావాడు. నేనూ సరేనన్నాను. పది రోజులకు కారులో కాలిన వాసన! కార్పెట్ ఎత్తి చూస్తే వైరు తొడుగు కరిగి అంటుకుపోయి ఉంది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. వెంటనే బ్యాటరీ వైరు విప్పేసి, కాగితం, పెన్సిలు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం.

1. కరెంటు ఎంత? అట్టపెట్టె మీది పెద్ద అంకె కాదు, ఆర్.ఎం.ఎస్. వాట్లు చూడాలి. మాది 300. ఏ.బి. తరగతి యాంప్లిఫయరు తీసుకున్నదానిలో సుమారు 60 శాతమే స్పీకర్లకు ఇస్తుంది, మిగతాది వేడి. కాబట్టి 300 ÷ 0.6 = 500 వాట్లు. 500 ÷ 12.5 వోల్టులు = 40 ఆంపియర్లు.

2. వైరు ఎంత లావు? రాగి వైరు నిరోధం = 0.0175 × పొడవు (మీటర్లు) ÷ మందం (చదరపు మి.మీ.). మా వైరు 5 మీటర్లు, 4 చ.మి.మీ. నిరోధం 0.022 ఓములు. 40 ఆంపియర్లకు దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది, 35 వాట్ల వేడి పుడుతుంది. అదే 16 చ.మి.మీ. అయితే పోయేది 0.22 వోల్టే. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు చవక, కానీ దానికి నిరోధం ఎక్కువ. ఇంకా లావుది కావాలి. ఎర్త్ వైరు కూడా అంతే లావు ఉండాలి, పొట్టిగా ఉండాలి.

3. ఫ్యూజు ఎంత? ఇక్కడే మేం తప్పాం. ఈ ఫ్యూజు ముఖ్యంగా కాపాడేది యాంప్లిఫయరును కాదు, వైరును. బ్యాంకులో అవసరం ఎంతున్నా తాకట్టు విలువను మించి అప్పు ఇవ్వం. అలాగే వైరు భరించగలిగినదాన్ని మించి ఫ్యూజు వేయరాదు. 16 చ.మి.మీ. వైరుకు 50 ఆంపియర్లది వేశాం. దాన్ని బ్యాటరీకి జానెడు, రెండు జానల లోపే పెట్టాలి. డిక్కీలో పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపేవాడుండడు.

ఓమ్ నియమానికి మావాడు పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాడు. కారులో అది గుర్తుకు రాలేదు. డబ్బు ఇచ్చిన నేనూ లెక్క అడగలేదు. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే పెద్దది వేయకండి, ఎందుకు పోతోందో వెతకండి. తల్లిదండ్రులారా, పిల్లలు ఇటువంటివి కొంటామంటే కాదనవద్దు. ముందు ఈ మూడు లెక్కలూ వేసి చూపించమనండి.