కార్తీక పౌర్ణమికి సముద్రానికి వెళ్తున్నారా? ముందు ఈ పాఠం చదవండి



దసరా సెలవులు అయిపోయి కార్తీకం దగ్గరికి వచ్చేసరికి మన కర్నూలు, కడప ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది: ‘ఈసారి సముద్రానికి పోదాం.’ కర్నూలు వైపు వాళ్లు బాపట్ల దగ్గర సూర్యలంక అనో, చీరాల దగ్గర వాడరేవు అనో అనుకుంటారు. కడప వైపు వాళ్లకు నెల్లూరు దగ్గరి మైపాడు దగ్గర. పెద్దవాళ్లకు పౌర్ణమి స్నానం, పిల్లలకు అలల్లో ఆట, నాన్నకు, బాబాయిలకు గాలం వేసి చేపలు పట్టాలన్న సరదా. అన్నీ ఒకే ట్రిప్పులో కుదురుతాయి.

మనం ఎండిన నేల వాళ్లం. మన పిల్లలు చూసే నీళ్లు తుంగభద్రలో, కేసీ కెనాల్లో, పెన్నలో, ఊరి చెరువులో ఉండే నీళ్లు. వాటికి ఒకటే దారి: పైనుంచి కిందికి. సముద్రం నీరు అలా కాదు. అది రోజుకు రెండుసార్లు ముందుకు వస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది. దీన్ని భూగోళం పాఠంలో ‘టైడ్స్’ అని మన పిల్లలు చదువుతారు, పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఒడ్డున నిలబడినప్పుడు ఆ పాఠం గుర్తుకు రావాలంటే ఇంట్లో కూడా ఒకసారి మాట్లాడుకోవాలి. అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మీకు.

పోటు, ఆటు అంటే ఏమిటి?

సముద్రం నీరు పైకి లేచి ఒడ్డు మీదికి రావడం పోటు. తగ్గి వెనక్కి వెళ్లడం ఆటు. జీవితంలో ‘ఆటుపోట్లు’ అని మనం వాడే మాట ఇక్కడి నుంచి వచ్చిందే.

దీనికి ముఖ్య కారణం చంద్రుడి ఆకర్షణ. చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపు నీటిని ఆయన ఎక్కువగా లాగుతాడు, అక్కడ నీరు ఉబ్బుతుంది. భూమికి అవతలి వైపు ఆ లాగుడు భూమి మధ్యభాగం మీద ఉన్నదానికన్నా తక్కువ. అందుకని అక్కడి నీరు వెనకబడి, అటు వైపు కూడా ఉబ్బుతుంది. ఈ రెండు ఉబ్బుల కింద భూమి తిరుగుతుంది కాబట్టి మన తీరానికి రోజుకు రెండు పోట్లు వస్తాయి.

చంద్రుడు కూడా ముందుకు కదులుతూ ఉంటాడు. ఈరోజు ఉన్న చోటికి మళ్లీ మన నెత్తి మీదికి రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. అందుకే పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. శనివారం ఉదయం 8 గంటలకు నిండు పోటు అనుకోండి. మధ్యాహ్నం 2 గంటల 12 నిమిషాల ప్రాంతంలో ఆటు. రాత్రి 8 గంటల 25 నిమిషాలకు మళ్లీ పోటు. ఆదివారం ఉదయం పోటు 8 గంటల 50 నిమిషాలకు. వచ్చే శనివారానికి అదే పోటు మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు జరిగిపోతుంది. అంటే ‘పోయిన వారం మా ఫ్రెండ్ వాళ్లు పొద్దున్నే వెళ్లారు, బాగుందట’ అన్న మాట ఈ వారం మనకు పనికిరాదు.

ఇంకో సంగతి. నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో కదలదు. మొదటి గంటలో మెల్లగా, మధ్యలో గట్టిగా, చివర మళ్లీ మెల్లగా కదులుతుంది. పోటుకీ ఆటుకీ మధ్య మారే ఎత్తులో దాదాపు సగం మూడో, నాలుగో గంటల్లోనే మారుతుంది.

రైతు కార్తె చూస్తాడు, మత్స్యకారుడు తిథి చూస్తాడు

మన జేజినాయన వాళ్లు వేరుశనగ వేయడానికి మృగశిర, ఆరుద్ర అంటూ కార్తెలు లెక్కపెట్టేవాళ్లు. కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. సముద్రం మీద బతికేవాళ్లకు కావలసింది చంద్రుడి లెక్క, అంటే తిథి.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడు, భూమి, చంద్రుడు ఇంచుమించు ఒకే వరసలో ఉంటారు. చంద్రుడి లాగుడుకు సూర్యుడి లాగుడు తోడవుతుంది. సూర్యుడిది చంద్రుడి లాగుడులో సగం కన్నా కొంచెం తక్కువే అయినా, రెండూ కలిస్తే పోటు బాగా ఎత్తుగా వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. పిల్లల పుస్తకంలో ఇవి ‘స్ప్రింగ్ టైడ్స్’. అష్టమి ప్రాంతంలో సూర్యుడు ఒక పక్కకు, చంద్రుడు ఇంకో పక్కకు లాగుతారు కాబట్టి తేడా తగ్గుతుంది. అవి ‘నీప్ టైడ్స్’. చాలా చోట్ల ఈ ప్రభావం తిథి దాటిన ఒకటి రెండు రోజులకు బాగా కనిపిస్తుంది.

తేడా ఎంత? గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గర, ఖంభాత్ సింధుశాఖ గరాటులా ఇరుకవుతుంది కాబట్టి, అది పది మీటర్ల దాకా ఉంటుంది. మన ఆంధ్ర తీరంలో పెద్ద పోటు రోజుల్లో సుమారు మీటరు నుంచి మీటరున్నర. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒక మీటరు అంటే ఒకటో తరగతి పిల్లవాడి మెడ దాకా. పొద్దున మోకాలి లోతు ఉన్న చోటు మధ్యాహ్నానికి అలాగే ఉంటుందని అనుకోకూడదు.

కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి స్నానాలకు మనం వెళ్లేది సరిగ్గా ఈ పెద్ద పోటు రోజుల్లోనే. వెళ్లొద్దని చెప్పడం లేదు. ఆ రోజు నీరు మామూలుకన్నా ఎక్కువ కదులుతుందని తెలిసి వెళ్దాం.

మొగ దగ్గర జాగ్రత్త

మన రెండు నదులూ చివరికి సముద్రానికే చేరతాయి. పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర కలుస్తుంది. తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసి, ఆ నీరు హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. చేపలకు మంచి చోటు అదే. పోటుతో పాటు నీరు లోపలికి ఎక్కుతుంటే మేత వెతుక్కుంటూ చేపలూ ఎక్కుతాయి. గాలం వేసేవాళ్లకు పోటు ఎక్కే సమయం, పోటు తిరిగే ముందూ వెనకా అనుకూలం. పడవలవాళ్లు కూడా ఆటుతో బయటికి వెళ్లి, పోటుతో లోపలికి రావాలని చూస్తారు. మొగలో ఇసుక మేట మీద పడవ తేలడానికి నీరు కావాలి కదా.

పిల్లలకు అత్యంత ప్రమాదమైన చోటు కూడా అదే. ఆటు మొదలయ్యాక నది నీరు, లోపలికి ఎక్కిన పోటు నీరు రెండూ కలిసి ఒకే ఇరుకు దారిలో బయటికి పోతాయి. పైకి అలలు లేకుండా నున్నగా కనిపిస్తుంది. మన పిల్లలకు అది కెనాల్‌లా అనిపిస్తుంది. అక్కడ దిగనివ్వకండి, ఈత వచ్చినా సరే.

మామూలు బీచ్‌లో కూడా ఇలాంటిదే ఒకటి ఉంటుంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అది. దీన్ని ‘రిప్ కరెంట్’ అంటారు. పోటులోనైనా ఆటులోనైనా ఉండొచ్చు. అందులో చిక్కినవాళ్లు ఒడ్డు వైపే ఈదాలని చూసి అలసిపోతారు. చేయవలసింది కంగారుపడకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదలడం. పాయ దాటాక ఒడ్డుకు రావచ్చు. రక్షించడానికి మనం కూడా దూకకూడదు. తాడు, ఖాళీ డబ్బా, ట్యూబు ఏదైనా విసరాలి, గజ ఈతగాళ్లను పిలవాలి, 112కు ఫోన్ చేయాలి.

పంచాంగం చెప్పనిది

ఇక్కడిదాకా చదివి ‘సరే, అష్టమి నాడు వెళ్తే భయం లేదన్నమాట’ అనుకుంటే పాఠం సగమే అర్థమైనట్టు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. ఆ రోజు కార్తీక మాసంలో అష్టమి–నవమి ప్రాంతం. అంటే చంద్రుడి లెక్కలో పోటు బాగా చిన్నగా ఉండే రోజులు. తుఫాను గాలి సముద్రాన్ని ఐదారు మీటర్ల ఎత్తున నేల మీదికి తోసింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది పౌర్ణమి నాడు. దానికీ చంద్రుడికీ సంబంధం లేదు. సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపం దానికి కారణం.

తిథి పోటు గురించి చెబుతుంది. గాలి గురించి, తుఫాను గురించి, ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టి రోజుల తరబడి ప్రయాణించి ఎండ కాస్తున్న రోజున మన ఒడ్డుకు చేరే పెద్ద అలల గురించి చెప్పదు. మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. కార్తె వచ్చినంత మాత్రాన ఎవరూ విత్తనం వేయరు. నేలలో పదును చూసే వేస్తారు. సముద్రానికి పదును చూసి చెప్పేది వాతావరణ హెచ్చరిక.

ఆ హెచ్చరికలు ఇచ్చేవాళ్లు ఇద్దరు. తుఫాన్లు, గాలుల గురించి భారత వాతావరణ శాఖ. అలలు, ఉప్పొంగు, సునామీ గురించి ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. ఇది 1999లో మొదలైంది. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే నడుస్తోంది. చేపలు ఎక్కువగా దొరికే చోట్లను, ఉపగ్రహాలు చూసిన నీటి వేడిని, రంగును బట్టి లెక్కగట్టి మత్స్యకారులకు చెప్పేదీ వీళ్లే. పిల్లలకు తప్పకుండా చెప్పండి: ఈ సముద్ర కేంద్రం ఉన్నది తీరంలో కాదు, హైదరాబాద్‌లో. సముద్రం మీద పనిచేయడానికి సముద్రం పక్కనే పుట్టాల్సిన పని లేదు. కడప బిడ్డ కూడా సముద్ర శాస్త్రవేత్త కావచ్చు.

బయలుదేరే ముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి, తిథి ఏమిటి? గోడ మీద క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమి, వాటి తరువాతి రెండు రోజులు పెద్ద పోటు రోజులు.

రెండు, ఆ ఊళ్లో పోటు, ఆటు ఎన్ని గంటలకు? ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో దగ్గరి రేవు పట్టిక చూడండి. పోటు ఊరికీ ఊరికీ కొంచెం మారుతుంది. ఒడ్డున మత్స్యకారుల్ని ‘అన్నా, ఇప్పుడు పోటా, ఆటా?’ అని అడగండి. సంతోషంగా చెబుతారు.

మూడు, హెచ్చరిక ఉందా? ముందురోజు రాత్రి ఒకసారి, బయలుదేరిన రోజు ఉదయం ఒకసారి చూడండి. వార్తల్లో ‘రేవుల్లో ఒకటో నంబరు ప్రమాద సూచిక’ అని విన్నా, ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అని విన్నా ఆ మాట మనకు కూడా. పుట్టినప్పటి నుంచి సముద్రం మీద ఉన్న మనిషిని వెళ్లొద్దన్న రోజున, ఏడాదికి ఒకసారి సముద్రం చూసే మన బిడ్డ నీళ్లలో అడుగు పెట్టకూడదు. రూములు బుక్ అయిపోయినా సరే. ఆ రోజు గుడికి వెళ్లండి, దూరం నుంచి అలలు చూడండి, వచ్చేయండి.

నాలుగు, పడవ ఎక్కాలనుకుంటున్నారా? తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మన వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి. ఆ రోజుల్లో డబ్బులిస్తే వేటకు తీసుకెళ్తామని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. మిగతా కాలంలోనైనా లైఫ్ జాకెట్ లేని పడవ మీద పిల్లల్ని ఎక్కించకండి.

పిల్లలతో ఇంట్లో చేయించండి

ఈ నెల యాక్టివిటీకి ఖర్చేమీ లేదు. అమావాస్య మరునాటి నుంచి పదిహేను రోజులు, సాయంత్రం మేడ మీద నుంచి చంద్రుణ్ణి చూసి బొమ్మ గీయమనండి. పక్కన తిథి, చూసిన సమయం రాయాలి. ఇన్‌కాయిస్ పట్టికలో ఒక రేవును ఎంచుకుని ఆ రోజు పోటు సమయం, ఎత్తు కూడా రాయాలి. పదిహేను రోజులయ్యాక వాళ్లనే రెండు ప్రశ్నలు అడగండి. పోటు రోజుకు ఎన్ని నిమిషాలు జరిగింది? ఏ తిథిన పోటుకీ ఆటుకీ తేడా ఎక్కువ, ఏ తిథిన తక్కువ? జవాబు మీరు చెప్పకండి, వాళ్ల నోట్‌బుక్ చెబుతుంది. అవ్వా తాతలు ఉంటే కార్తెల సంగతి కూడా వాళ్ల చేత చెప్పించండి.

ఆ నోట్‌బుక్‌ను ట్రిప్పుకు తీసుకెళ్లండి. ఒడ్డున పిల్లలు నీళ్లలోకి పరుగెత్తే ముందు ‘ఇప్పుడు పోటా, ఆటా? హెచ్చరిక ఏమైనా ఉందా?’ అని అడగండి. జవాబు వచ్చాకే దిగనివ్వండి, మీరు పక్కనే నిలబడి.