దశాంశ సంఖ్యల సవరణ: యమునా తీరపు పాఠం

ఢిల్లీ నగరంలో యమునా నదిపై గల పాత రైలు వంతెనను ప్రజలు ‘లోహే కా పుల్’, అనగా ఇనుప వంతెన, అని వ్యవహరిస్తారు. వర్షకాలంలో నది నీటిమట్టాన్ని అక్కడ కొలిచి, మీటర్లలో, దశాంశ బిందువు తరువాత రెండు స్థానాల వరకు ప్రకటిస్తారు. అక్కడ 204.50 మీటర్లు హెచ్చరిక మట్టం, 205.33 మీటర్లు ప్రమాద మట్టం. 1978 సెప్టెంబరులో నీరు 207.49 మీటర్లకు చేరింది. ఆ రికార్డును 2023 జూలై 13న నమోదైన 208.66 మీటర్ల మట్టం అధిగమించింది. దశాంశ సంఖ్యలను సవరించడం బాలలకు బోధించదలచిన ఉపాధ్యాయునికి ఈ అంకెలు చక్కని సాధనాలు.

సాధారణంగా తరగతిలో ఒక సూత్రం వల్లె వేయిస్తారు: తరువాతి అంకె 5 గాని, అంతకు మించి గాని అయితే ఒకటి కలపాలి, తక్కువైతే వదలివేయాలి. సూత్రం సరియైనదే. కాని ఎందుకు కలపాలో, ఎందుకు వదలాలో బాలునికి తెలియదు. కనుక సూత్రానికి ముందు కొలబద్దను చూపాలి. 208.66 ఏ రెండు పూర్ణాంకాల మధ్య ఉన్నది? 208, 209ల మధ్య. వాటికి సరిగా నడుమ ఉన్నది 208.50. నీరు ఆ నడిమి గీతను దాటినది కనుక 209 దగ్గర. అదే సంఖ్యను ఒక దశాంశ స్థానానికి సవరించాలంటే 208.6, 208.7 అనే గీతలను చూడాలి. నడిమి గీత 208.65, నీరు దానికి పైన ఉన్నది, కనుక జవాబు 208.7. సవరణ అంటే దగ్గరి గీతను గుర్తించడమే.

ఇక్కడ బాలలు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉన్నది. 1978 నాటి 207.49ని మొదట 207.5గా, తరువాత దానిని 208గా సవరిస్తారు. ప్రతి మెట్టూ సరిగానే కనిపిస్తుంది. జవాబు మాత్రం తప్పు. 207.49 నడిమి గీతకు దిగువనే ఉన్నది కనుక సరియైన జవాబు 207. ఎప్పుడు సవరించినా మూల సంఖ్య నుండి ఒకే మెట్టులో సవరించాలి.

మరొక చిక్కు తొమ్మిది అంకెతో వస్తుంది. 207.96ను ఒక స్థానానికి సవరిస్తే 208.0 అవుతుంది. చివరి సున్నను తొలగించరాదు. పదో వంతు వరకు చూచి చెప్పిన మాట ఇది అని ఆ సున్నయే తెలియజేస్తుంది.

సంఖ్య సరిగా నడిమి గీతపైనే ఉంటే ఏమి చేయాలి? హెచ్చరిక మట్టమైన 204.50 అటువంటిదే. అది 204కు, 205కు సమాన దూరంలో ఉన్నది. ఇక్కడ దగ్గర, దూరం అనే విచారణ పనిచేయదు. ఒక ఒప్పందం కావాలి. మన దేశంలోనే మూడు ఒప్పందాలు కనిపిస్తాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు అమలులోకి వచ్చినప్పుడు రెండు అణాల బేడకు లెక్క ప్రకారం పన్నెండున్నర నయా పైసలు రావాలి. సరిసగం వచ్చినచోట దిగువ విలువనే తీసుకోవాలన్న నియమం వలన అది 12 నయా పైసలైంది. 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం ఇందుకు భిన్నంగా, 50 పైసలు గాని అంతకు మించి గాని ఉంటే రూపాయికి పెంచమంటున్నది. ఢిల్లీలోని భారతీయ ప్రమాణాల సంస్థ 1949లో ప్రచురించి 1960లో సవరించిన ఐ.ఎస్. 2 ప్రమాణం మూడవ మార్గం చూపింది: సరిసగం వచ్చినచోట సరి సంఖ్యవైపు సవరించాలి. దీని ఉపయోగం చిన్న లెక్కతో తెలుస్తుంది. 1.5, 2.5, 3.5, 4.5ల మొత్తం 12. అన్నింటినీ పైకి సవరిస్తే మొత్తం 14 అవుతుంది. సరి సంఖ్యలకు సవరిస్తే 2, 2, 4, 4 కలిసి 12 అవుతుంది. పాఠశాలలో పైకి సవరించే పద్ధతినే నేర్పుతాము. అది ఒప్పందమే గాని ప్రకృతి నియమం కాదని కూడా చెప్పాలి.

సవరణ వలన సౌలభ్యం కలుగుతుంది. కొంత సమాచారం నశిస్తుంది. 2010లో 207.11, 2013లో 207.32, 1978లో 207.49 మీటర్లు నమోదయ్యాయి. పూర్ణాంకాలకు సవరిస్తే మూడూ 207లే. 38 సెంటీమీటర్ల తేడా మాయమైంది. నది ఒడ్డున నివసించేవారికి ఆ తేడా గడప బయటి నీటికీ ఇంటిలోని నీటికీ మధ్య తేడా కావచ్చు. అదే విధంగా 205.20, 205.45 రెండూ 205 అవుతాయి. కాని మొదటిది ప్రమాద మట్టానికి దిగువ, రెండవది ఎగువ. కనుక ఏ స్థానానికి సవరించాలో నిర్ణయించేది అవసరమే.

కొన్ని సందర్భాలలో దగ్గరి సంఖ్య కూడా పనికిరాదు. వరదలో చిక్కిన 50 మందిని పడవకు ఎనిమిది మంది చొప్పున ఒకేసారి తరలించాలంటే 6.25 పడవలు కావాలి. సూత్రం ప్రకారం జవాబు 6. ఇద్దరు ఒడ్డున మిగిలిపోతారు. అక్కడ 7 అనే జవాబే సరియైనది.

తెలుగు బాలలకు ఇదే పాఠాన్ని భద్రాచలం వద్ద గోదావరితో చెప్పవచ్చు. అక్కడ మట్టాన్ని అడుగులలో చెబుతారు. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు జారీ అవుతుంది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఈ రెండింటి తేడా ఎంత? ముందుగా సవరించి తీసివేసిన విద్యార్థికి 76లో నుండి 71 పోగా 5 వస్తుంది. ముందుగా తీసివేసిన విద్యార్థికి 4.3, సవరించిన పిదప 4 వస్తుంది. రెండవ జవాబే సరియైనది. లెక్క అంతా పూర్తయిన తరువాతనే సవరించాలి.