అంతరాయమూ – అవధానమూ

అష్టావధానాన్ని తిలకించిన వారికి గంటల లెక్క సుపరిచితమే. అవధాని ఒకవైపు సమస్యను పూరిస్తూ, మరొకవైపు దత్తపదికి పద్యం అల్లుతూ ఉండగా నడుమ నడుమ ఒకరు గంట కొడతారు. అవధాని ఆ దెబ్బను మనసులో లెక్కించుకొని, తాను విడిచిన పాదం వద్దకే మరలి వస్తాడు. చివర ధారణలో పద్యాలన్నీ ఒప్పజెప్పి గంటల సంఖ్యనూ చెబుతాడు. కంప్యూటరులోని కెర్నెల్ అనుక్షణం చేసే పని ఇటువంటిదే.

కెర్నెల్ అనగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూలభాగం. కీబోర్డు, డిస్కు, గడియారం మొదలైన పరికరాలు తమకు పని పడినప్పుడు ప్రాసెసరుకు పంపే సంకేతమే ఇంటరప్ట్. తెలుగులో అంతరాయమన్నా, ఉర్దూలో ఖలల్ అన్నా చెడు అర్థమే స్ఫురిస్తుంది. ఇక్కడ మాత్రం అది ఒక పిలుపు. ఈ పిలుపే లేకుంటే ప్రాసెసరు ప్రతి పరికరాన్నీ ‘నీకేమైనా పని ఉన్నదా?’ అని మాటిమాటికీ అడుగుతూ కాలం వృథా చేయవలసి వచ్చేది. 1959లో డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు తన డాక్టరేటు సిద్ధాంత గ్రంథంలో ఈ విషయాన్నే విపులంగా చర్చించాడు.

ఇది మన ప్రాంతానికి పరాయి విద్య కాదు. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. 1970వ దశకంలో టి.డి.సి.-316 అనే కంప్యూటరును నిర్మించింది. అణు విద్యుత్కేంద్రాలకు నియంత్రణ పరికరాలను సమకూర్చేదీ ఆ సంస్థయే. అటువంటి చోట ఒక హెచ్చరిక ఆలస్యంగా అందితే కలిగే అపాయాన్ని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక పని తీరును గమనిద్దాం. పిలుపు రాగానే ప్రాసెసరు తాను చేస్తున్న పనిని ఏ చోట ఆపినదో భద్రపరుస్తుంది. ఇది ధారణ వంటిది. పిమ్మట ఒక పట్టికను చూస్తుంది. ఇంటెల్ వంశపు ప్రాసెసర్లలో ఈ పట్టికకు 256 గడులు ఉంటాయి. వానిలో మొదటి 32 ప్రాసెసరు స్వంత అవసరాలకు కేటాయింపబడినవి. ఏ పిలుపుకు ఏ ఉపక్రమం బదులు పలకాలో ఈ పట్టికలో ముందుగా నింపి ఉంచడం కెర్నెల్ బాధ్యత.

బదులు పలికే ఉపక్రమానికి మూడు నియమాలు కలవు. మొదటిది క్లుప్తత: అవధాని గంటను లెక్కించి ఊరకుంటాడే గాని దానిపై పద్యం చెప్పడు. అట్లే అత్యవసరమైనంత మటుకు వెంటనే చేసి, మిగిలిన పనిని తరువాతకు వాయిదా వేయాలి. రెండవది రక్షణ: కెర్నెల్ ఒక ముఖ్యమైన జాబితాను దిద్దుతున్నప్పుడు కొద్ది క్షణాలు పిలుపులను నిలిపి ఉంచాలి. ఈ వీలు అవధానికి లేదు! అయితే ఆ క్షణాలు పెరిగితే పరికరాలు పంపిన సమాచారం జారిపోవచ్చు. మూడవది ప్రత్యుత్తరం: ‘నీ పిలుపు అందినది’ అని పరికరానికి తెలుపకపోతే అది పిలుస్తూనే ఉంటుంది, తక్కిన పనులన్నీ స్తంభిస్తాయి. అందుకే లినక్స్ కెర్నెల్‌లో ఒక ఏర్పాటు ఉన్నది. ఒక మార్గంలో వచ్చిన 1,00,000 పిలుపులలో 99,900కు మించి ఎవరూ తమవిగా స్వీకరించకపోతే, కెర్నెల్ ఆ మార్గాన్నే మూసివేస్తుంది.

పిలుపులు వరదవలె వస్తే ఏమి గతి? కెర్నెల్ వానికి బదులు పలకడంతోనే అలసిపోయి అసలు పని ఒక్కటీ పూర్తి చేయలేని దుస్థితి ఏర్పడుతుందని 1996లో మొగల్, రామకృష్ణన్ అనే పరిశోధకులు వివరించి, పరిష్కారమూ చూపారు. నేడు లినక్స్‌లో నెట్‌వర్క్ పరికరం నుండి మొదటి పిలుపు రాగానే తదుపరి పిలుపులను ఆపి, పేరుకున్న సమాచారాన్ని కెర్నెల్ తానే వెళ్లి విడతలుగా తెచ్చుకుంటుంది. రద్దీ తగ్గిన తరువాతనే మరల పిలుపుకు అనుమతి ఇస్తుంది.

విద్యార్థులారా! మీరు కీబోర్డుపై తెలుగక్షరం నొక్కినా, ఉర్దూ హర్ఫ్ నొక్కినా కెర్నెల్ ఒక్క క్షణం ఆగి, ఆ పిలుపు అందుకొని, తన పనికి మరలుతుంది. అంతరాయం లేని చోటు లోకంలో లేదు. దేనికి వెంటనే బదులు పలకాలి, దేనిని వాయిదా వేయాలి, విడిచిన పనిని ఎక్కడ నుండి అందుకోవాలి అనే నిర్ణయం ముందుగా చేసి ఉంచుకోవడంలోనే నేర్పు ఉన్నది. అవధానానికైనా, యంత్రానికైనా అదే ప్రాణం.