యశోదమ్మకు వినపడని ఏడుపు: పసిబిడ్డ మొదటి ఏడాది, భాగవత పాఠం



ఇరవై ఒకటో రోజు, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు... వీటి గురించి మన వీడియోలు చూసిన అమ్మలు ఎక్కువగా అడిగేవి ముహూర్తం సంగతులే. ఏ నెలలో చేయాలి, ఏ వారం మంచిది, ఎవరి ఒడిలో కూర్చోబెట్టాలి అని. అవి కూడా చెప్పుకుందాం. కానీ ముందు ఒక కథ వినండి. మనది జనగామ వైపు కాబట్టి ఈ కథ మనింటి కథే. పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది కదా, ఆ బమ్మెర పోతన గారు పదిహేనో శతాబ్దంలో తెలుగు చేసిన భాగవతం, దశమ స్కంధంలోది.

కృష్ణయ్యకు అప్పటికి మూడు నెలలు. పిల్లవాడు మొదటిసారి ఒత్తిగిల్లాడు. దానికి నందుడి ఇంట్లో పండుగ చేశారు. మనం 'బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు' అని చేసుకుంటాం చూడండి (బొబ్బట్లను మన దిక్కు బచ్చాలంటాం), అలాంటిదే అది. ఆ రోజే జన్మనక్షత్రం కూడా కలిసి వచ్చింది. యశోదమ్మ బిడ్డకు స్నానం చేయించింది, బ్రాహ్మణులు మంత్రాలు చదివారు. బిడ్డ కళ్ళు నిద్రతో వాలిపోతుంటే మెల్లగా ఒక బండి కింద, నీడన పడుకోబెట్టింది. ఇంతవరకు ఆ తల్లి చేసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాత వ్రేపల్లె వాళ్ళంతా వచ్చారు. వచ్చినవాళ్ళను పలకరించడం, మర్యాదలు చేయడంలో పడిపోయింది. బిడ్డ లేచాడు, పాల కోసం ఏడ్చాడు. ఆ ఏడుపు ఆమెకు వినపడలేదు.

శకటాసురుడి కథ అనగానే మనకు కాలితో తన్నిన బండి, చెల్లాచెదురైన కుండలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఈ చిన్న సంగతే ఆగి ఆలోచించేలా చేస్తుంది. బిడ్డ కోసమే చేసిన పండుగ. ఆ పండుగలో బిడ్డ ఏడుపే ఎవరికీ వినపడలేదు. ఇంకొకటి కూడా ఉంది. పక్కన ఆడుకుంటున్న పిల్లలు 'ఈ పాపడే తన్నాడు, మేం చూశాం' అని చెప్తే, చిన్నపిల్లల మాటలు అని పెద్దవాళ్ళు నమ్మలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను, దాచుకోవడం ఎందుకు. మా బిడ్డకు మొదటి కాన్పు, పురుడు మా ఇంట్లోనే. మనవరాలికి ఇరవై ఒకటో రోజు తొట్టెల వేశాం. వాకిట్లో టెంటు, సౌండు బాక్సులు, నూట యాభై మందికి భోజనాలు. పాపను లోపలి గదిలో పడుకోబెట్టి, వచ్చినవాళ్ళకు బొట్టు పెట్టి, పూలు పండ్లు ఇచ్చే పనిలో నేనున్నాను. బాలింతను కుర్చీలో కూర్చోబెట్టి ఫోటోలు దిగుతున్నారు. ఏడేళ్ళ మా చెల్లెలి మనవరాలు వచ్చి 'అమ్మమ్మా, పాప ఏడుస్తాంది' అంది. 'పెద్దోళ్ళం ఉన్నం కదా, నువ్వు పోయి ఆడుకో' అన్నాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి నా కొంగు పట్టుకుని గుంజింది. పోయి చూస్తే పాప గొంతు బొంగురుపోయి, మొహం కందిపోయి ఉంది. ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. తర్వాత రొమ్ము పట్టడానికి చాలాసేపు సతాయించింది, మా బిడ్డ కూడా దానితోపాటు ఏడ్చింది. అంతకుమించి ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ రోజు నుంచి ఈ కథ నేను మామూలుగా చదవలేకపోతున్నాను.

భాగవతంలో బండి పడిన తర్వాత యశోదమ్మ ఏం చేసిందో చూడండి. పరుగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తుకుంది, స్వస్తి చెప్పించింది, పాలిచ్చింది. వచ్చినవాళ్ళు అక్కడే ఉన్నారు. మర్యాదలు ఆగాయి.

అందుకని నేను చెప్పే మొదటి పద్ధతి ఇది. ఏ శుభకార్యమైనా సరే, ఆ రోజు ఒక మనిషికి వేరే పనేమీ పెట్టకండి. వంట వద్దు, వడ్డన వద్దు, ఫోటోలు వద్దు. బిడ్డ దగ్గర కూర్చోవడమే ఆమె పని. బిడ్డ కదిలితే, నోరు తెరిచి అటూ ఇటూ తిప్పితే, పిడికిలి నోట్లో పెట్టుకుంటే ఆకలి అని అర్థం. ఏడుపు చివరికి వచ్చేది. అప్పుడు బాలింతను ఎంత పెద్దవాళ్ళ మధ్యలోంచైనా సరే లేపి తీసుకురావాలి. ముహూర్తం దాటిపోతుందని భయపడేవాళ్ళకు ఒక మాట: పంతులు గారిని ముందే అడిగి గంటా గంటన్నర వ్యవధి ఉన్న ముహూర్తం పెట్టించుకోండి. అడిగితే పెడతారు, మనం అడగం అంతే.

ఇక పూతన కథ. అందంగా ముస్తాబై వచ్చిన ఆడమనిషి నేరుగా లోపలికి వచ్చి బిడ్డను ఎత్తుకుంటుంటే, యశోద, రోహిణి ఇద్దరూ చూస్తూ నిలబడిపోయారు. వద్దు అనలేకపోయారు. మన ఇళ్ళలో రోజూ జరిగేది ఇదే కదా! దగ్గు జలుబు ఉన్నవాళ్ళు కూడా 'ఏదీ, ఇటివ్వు' అని ఎత్తుకుని బుగ్గల మీద ముద్దులు పెడతారు. కోడలు పిల్ల వద్దని ఎలా అంటుంది? అనలేదు. ఆ మాట అత్తగారు అనాలి. 'కాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కుని రా అమ్మా, తర్వాత ఎత్తుకుందువు' అని. అత్తగారు అంటే ఎవరూ ఏమీ అనుకోరు. మన ఊళ్ళకు తగినట్టు ఇంకో రెండు మాటలు. భూపాలపల్లిలో సింగరేణి డ్యూటీ దిగి వచ్చిన నాన్న స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. మహబూబాబాద్ దిక్కు మిర్చి ఏరే కాలంలో తల్లులు పిల్లను చెట్టుకు చీర తొట్టెల కట్టి పడుకోబెట్టి పనిచేస్తారు. పాలిచ్చే ముందు చేతులు, రొమ్ము సబ్బుతో కడుక్కోండి, పైన వేసుకున్న పనిచొక్కా విప్పేయండి. ఆ ఘాటు, చేలో కొట్టిన మందు బిడ్డ నోటికి, కంటికి తగలకూడదు.

నామకరణం దగ్గరికి వద్దాం. మనవైపు ఎక్కువమంది ఇరవై ఒకటో రోజు చేస్తారు, పదకొండో రోజు చేసేవాళ్ళూ ఉన్నారు. పళ్ళెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో తండ్రి పేరు రాసి, చెవిలో చెప్తాడు. మరి కృష్ణుడి నామకరణం ఎలా జరిగింది? గర్గముని వచ్చాడు. కంసుడి భయం ఉంది. అందుకని నందుడు, మా వాళ్ళకు కూడా తెలియకుండా ఈ గోశాలలోనే స్వస్తివాచనంతో కానిచ్చేయండి అన్నాడు. అంతే. బంధువులు లేరు, వాయిద్యాలు లేవు. గోవుల కొట్టంలో పెట్టిన పేర్లు అవి! రామ, కృష్ణ అని ఈ రోజుకీ పిలుచుకుంటున్నాం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఫ్లెక్సీలకు, డీజేలకు, విందులకు వడ్డీకి తెచ్చి చేసే తొట్టెల ఫంక్షన్లు నేను చాలా చూస్తున్నాను. పక్కింటివాళ్ళు చేశారని మనమూ చేయడం. ఆ అప్పు తీరేలోపు బిడ్డకు ఏడాది నిండుతుంది. చేసుకోగలిగినవాళ్ళు చేసుకోండి, నేను కాదనను. చేసుకోలేనివాళ్ళు మాత్రం లోటు చేశామని బాధపడకండి, గర్గముని చేసిన పద్ధతి మీకుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. పుట్టిన బిడ్డ నాలుక మీద బంగారంతో తేనె, నెయ్యి తాకించడం జాతకర్మలో ఉంది. శాస్త్రంలో ఉన్నదాన్ని వద్దంటావా అని నన్ను అడుగుతారు. వద్దనే అంటాను. తేనెలో కంటికి కనపడని ఒక రకం క్రిమి బీజాలు ఉండవచ్చు. మనకు ఏమీ చేయవు కానీ, ఏడాది లోపు పిల్లల పేగుల్లో అవి పెరిగి విషం తయారుచేస్తాయి. బిడ్డ మెడ నిలపలేక, పాలు పీల్చలేక సొమ్మసిల్లిపోతుంది. బొటులిజం అంటారు దీన్ని. అరుదుగానే వస్తుంది, వస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. మంత్రం చదివించండి, ఉంగరాన్ని మరిగించిన నీళ్ళతో శుభ్రం చేసి తల్లి ముర్రుపాలలో ముంచి పెదవికి తాకించండి. ముర్రుపాలు పిండి పారబోయాలని చెప్పే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. అమ్మా, అవి పసుపుగా చిక్కగా ఉంటాయి కానీ చెడ్డవి కావు. రోగాలను ఆపే శక్తి అందులోనే ఉంటుంది. కాన్పు అయిన గంటలోపే పట్టించాలి.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. ఎండాకాలమైనా నీళ్ళు అక్కర్లేదు, పాలలోనే నీళ్ళున్నాయి. ఉగ్గు, వస, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. కాటుక కంట్లో పెట్టకుండా, దిష్టికైతే అరికాలికి ఒక చుక్క పెట్టండి. సాంబ్రాణి పొగ బాలింత జుట్టుకు వేసుకోండి, పసిబిడ్డను మాత్రం ఆ గదిలో ఉంచకండి. బాలింతకు పత్యం పేరుతో నీళ్ళు తగ్గించడం నాకు అసలు నచ్చదు. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు అన్నీ పెట్టండి.

అన్నప్రాశనకు ఆరో నెల అని గృహ్యసూత్రాల్లో చెప్పారు. ఆచారంలో మగపిల్లలకు సరి నెల, ఆడపిల్లలకు బేసి నెల అంటారు. ఇక్కడే చిక్కు వస్తుంది. ఆడపిల్లకు అయిదో నెలలో చేస్తామంటారు కొందరు. అయిదు తొందర అవుతుంది. ఏడు కూడా బేసే కదా, ఏడో నెలలో చేయండి. మగపిల్లవాడికైతే ఆరు నెలలు పూర్తిగా నిండనివ్వండి. అప్పుడు ఆచారమూ నిలబడుతుంది, డాక్టరు మాటా నిలబడుతుంది. పాయసం నాకించి, ముందు పుస్తకం, కలం, బంగారం పెట్టి ఏది పట్టుకుంటుందో చూసి మురిసిపోతాం (మా మనవరాలు పక్కనున్న సెల్‌ఫోన్ పట్టుకుంది, దాన్ని అక్కడ ఎవరూ పెట్టలేదు!). అసలు పని ఆ మరుసటి రోజు మొదలవుతుంది. చాలా ఇళ్ళలో పాయసం నాకించి, మళ్ళీ తొమ్మిదో నెల దాకా పాలతోనే సరిపెడతారు. అలా చేస్తే బిడ్డ బరువు ఆగిపోతుంది. రోజుకు రెండు మూడు సార్లు, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. అన్నం, పెసరపప్పు మెత్తగా ఉడికించి, మెదిపి, నెయ్యి వేసి పెట్టాలి. చెంచా వంచితే కారిపోయేంత పలచన చేయకండి, నీళ్ళతో కడుపు నిండుతుంది కానీ బలం రాదు. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు. నెలకు రెండున్నర కిలోల పొట్లం. అది బిడ్డ కోసం ఇచ్చేది, ఇంట్లో పెద్దపిల్లలకు లడ్డూలు చేసి పెట్టేది కాదు. పాలు మాత్రం మాన్పించకండి, రెండేళ్ళ దాకా ఇవ్వొచ్చు.

పుట్టువెంట్రుకలు తొమ్మిదో నెలలోనా, పదకొండో నెలలోనా, మూడో ఏడులోనా అనేది ఇంటింటి ఆనవాయితీ. జనగామ వాళ్ళు కొమురవెల్లి మల్లన్నకు, మహబూబాబాద్ వాళ్ళు కురవి వీరన్నకు, భూపాలపల్లి వాళ్ళు కాళేశ్వరానికి మొక్కుకుంటారు. మేడారం మొక్కు ఉన్నవాళ్ళు బిడ్డ ఎత్తు బెల్లం తూచి బంగారమని సమర్పిస్తారు. 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా మేడారం భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. సమ్మక్క కథ కూడా అడవిలో పులుల మధ్య దొరికిన ఆడబిడ్డ కథే. కోయదొరలు ఆ బిడ్డను ఇంటికి తెచ్చి పెంచుకున్నారు. ఆడపిల్ల పుట్టిందని మొహం చిన్నబుచ్చుకునేవాళ్ళు కూడా ఆ గద్దెల దగ్గరికే వెళ్ళి దండం పెడతారు, ఏం చెప్పాలి!

ఏ క్షేత్రమైనా సరే, ఏడాది లోపు బిడ్డతో జాతర రోజుల్లో వెళ్ళొద్దు. కురవిలో శివరాత్రి, కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా వచ్చే ఆదివారాలు, మేడారంలో గద్దెల మీద తల్లులున్న రోజులు, ఇవి పెద్దవాళ్ళకే ఊపిరాడనివి. ముందో వెనకో, మామూలు రోజున పొద్దున్నే వెళ్ళండి. మొక్కుకు లోటేమీ రాదు. బయలుదేరే ముందు టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. నెలన్నర, రెండున్నర నెలలు, మూడున్నర నెలల టీకాలు చాలామంది సరిగ్గానే వేయిస్తారు. తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు, రుబెల్లా టీకా దగ్గరే మర్చిపోతారు. అది పడ్డాక కనీసం రెండు వారాలు ఆగి గుడికి వెళ్తే మంచిది.

గుండు గీయించేటప్పుడు కొత్త బ్లేడు మీరే కొనుక్కుని వెళ్ళి, మీ కళ్ళ ముందు విప్పించండి. బిడ్డ కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న వేళ చూసుకోండి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, ఒక చేయి తల వెనక గట్టిగా పట్టుకోవాలి. మధ్యలో ఏడుపు ఎక్కువైతే సగం గుండుతోనే ఆపి పాలివ్వండి, మంగలి ఆగుతాడు. తర్వాత గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరాక గంధం రాయండి. కోనేట్లో, వాగులో ముంచొద్దు, ఆ నీళ్ళు నాలుగు చుక్కలు చల్లితే చాలు.