మెల్లగా మానినవాడే మొనగాడు

వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఏది తెరిచినా ఒక హితవు ఉంటుంది: మానాలనుకున్నది ఈరోజే మానెయ్, రేపటికి వాయిదా వెయ్యకు. సిగరెట్టుకు ఆ హితవు సరిగ్గా సరిపోతుంది. స్టెరాయిడ్ మాత్రకు పనికిరాదు. నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ మింగిన మనిషి ఒక పొద్దున గట్టిగా నిర్ణయించుకుని స్ట్రిప్పు అవతల పారేస్తే, వారం తిరక్కుండానే ఐసీయూలో తేలే ప్రమాదం ఉంది. ఇక్కడ పట్టుదలంతా నిదానంలోనే ఉంది. ఆ నిదానాన్ని అలవాటు చేసుకోవడం ఎలాగో చెప్పాలనే ఈ వ్యాసం.

మన తిరుపతి, చిత్తూరు వైపు ఈ మాత్ర తెలియని ఊరు లేదు. స్విమ్స్, రుయా ఆసుపత్రుల ఓపీల్లో, చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వేలూరు సీఎంసీకి వెళ్లే జనంలో దీన్ని వాడుతున్నవాళ్లు ఎందరో. ఒకరికి కీళ్లవాతం, ఒకరికి లూపస్, ఒకరికి ఉబ్బసం, ఒక పిల్లవాడికి కిడ్నీ జబ్బు, ఇంకొకరికి ఒంటినిండా బొబ్బలు వచ్చే చర్మవ్యాధి. మందు మొదలైన వారంలో అందరూ చేతులెత్తి దండం పెడతారు. ఆర్నెల్లు గడిచాక అదే మందును తిట్టుకుంటారు. 2021 మే నెలలో, కోవిడ్‌కు స్టెరాయిడ్ వాడినవాళ్లలో బ్లాక్ ఫంగస్ అంటూ వార్తలు వచ్చినప్పటి నుంచి స్టెరాయిడ్ అనే మాట వింటేనే బెదిరే ఇళ్లు ఎక్కువయ్యాయి. ఆ బెదురులో జనం చేసే పని ఒకటే, డాక్టరుకు చెప్పకుండా మానేయడం. వాడకం కన్నా ఈ మానేయడమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

ఈ మందు చరిత్ర తెలిస్తే భయం కొంత తగ్గుతుంది, జాగ్రత్త కొంత పెరుగుతుంది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్లవాతంతో మంచాన పడిన ఒక యువతికి మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ సూదిమందు ఇచ్చాడు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మందు ఆపితే జబ్బు తిరగబెడుతుందని మొదటి రోజుల్లోనే తేలింది. అంతకన్నా పెద్ద సంగతి 1952లో బయటపడింది. కీళ్లవాతానికి నెలల తరబడి కార్టిసోన్ వాడిన ఒక రోగికి ఆపరేషన్ కోసమని మందు ఆపారు. ఆపరేషన్ అయిన కొద్ది గంటలకే షాక్‌తో అతను చనిపోయాడు. చూస్తే అతని అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోయి ఉన్నాయి. దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడినవాళ్లకు ఒక్కసారిగా ఆపకూడదన్న కట్టడి ఇలాంటి మరణాలు నేర్పినదే.

అదే 1948లో, హెంచ్ ప్రయోగానికి నెలన్నర ముందు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన బృందం నుంచి ఫోలిక్ యాసిడ్ వచ్చింది, దానికి విరుగుడుగా పనిచేసే మందులూ వచ్చాయి. ఆ రెండో కోవలోదే మెథోట్రెక్సేట్. ఇవాళ కీళ్లవాతం రోగికి స్టెరాయిడ్ తగ్గించడానికి డాక్టర్లు ఎక్కువగా ఆసరా తీసుకునేది దాని మీదే. జబ్బును అది పట్టి ఉంచితే స్టెరాయిడ్ మెల్లగా దిగుతుంది. మీ చీటీలో ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్ అన్న పేర్లు కనబడితే ఒక తెలుగువాడి శ్రమ మీ వెనక ఉందని తలచుకోండి. ఒక్క హెచ్చరిక మాత్రం తప్పదు: కీళ్లకు ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మాత్రమే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజు వేసుకోవాలో క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కిడ్నీల పైన టోపీల్లా కూర్చున్న రెండు అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ తయారు చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. మూడు నాలుగు వారాలకు మించి బయటి నుంచి అంతకంటే ఎక్కువ అందుతూ ఉంటే గ్రంథులు తయారీ తగ్గించుకుంటాయి. తిరిగి పూర్తిగా పని అందుకోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది. అందుకే 40 నుంచి 20కి చకచకా దింపిన డాక్టరే 10 కిందికి వచ్చాక నెలకు ఒక మిల్లీగ్రామో, రెండున్నరో అంటూ నత్తనడక నడిపిస్తాడు. చాలామందికి విసుగు పుట్టేది ఇక్కడే. ‘ఇంత చిన్న ముక్కకు ఇన్నాళ్లా?’ అనిపిస్తుంది. కానీ ఆ చిన్న ముక్క దగ్గరే మీ శరీరం తన కాళ్ల మీద తాను నిలబడటం మళ్లీ నేర్చుకుంటోంది. ఎంతవరకు నేర్చుకుందో చూడటానికి పొద్దున ఎనిమిది గంటల వేళ, ఆ రోజు మాత్ర వేసుకోకముందే, కార్టిసాల్ రక్తపరీక్ష చేస్తారు. అది ఎప్పుడు చేయిద్దామని మీరే డాక్టరును అడగవచ్చు.

తగ్గించినప్పుడల్లా ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఈ దశలో మనిషిని నిలబెట్టేది ఏ నొప్పి ఏమిటో తేడా తెలియడం. మోతాదు తగ్గిన నాలుగైదు రోజుల్లో ఒళ్లంతా పట్టేసినట్టు ఉండటం, నీరసం, తలనొప్పి, ఆకలి చచ్చిపోవడం, ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే కోపం: ఇవి మందు తగ్గిన అలజడి. ఒకటి రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. జబ్బు తిరగబెడితే అది తన పాత గుర్తులతోనే వస్తుంది. కీలు వాచి వేడిగా ఉండి, పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు ముడవలేకపోతే కీళ్లవాతం. పాదాలు ఉబ్బి మూత్రంలో నురగ వస్తుంటే కిడ్నీ జబ్బు. రాత్రి పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసం. ఇక మూడోది, అన్నిటికన్నా ప్రమాదమైనది, కార్టిసాల్ చాలకపోవడం. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం, ఆగని వాంతులు, కడుపునొప్పి, పిలిస్తే సరిగా పలకనంత మగత. మొదటి దానికి ఓర్చుకోవాలి, రెండోదానికి డాక్టరుకు ఫోన్ చేయాలి. మూడో దానికి 108కి ఫోన్ చేయాలి, తెల్లవారనిద్దాం అనుకోకూడదు.

ఈ తేడా తలలో గుర్తుండదు, నోటుబుక్కులో ఉండాలి. తేదీ, వేసుకున్న మోతాదు, నిద్ర ఎలా పట్టింది, ఎక్కడ నొప్పి, బీపీ. రోజుకు ఒక వరుస చాలు. ఓపీలో డాక్టరుకు మీ కోసం దొరికేది కొద్ది నిమిషాలే. ‘ఒకటే బాధగా ఉంది సార్’ అంటే ఆయన చేయగలిగింది తక్కువ. ‘ఏడున్నరకు దిగిన నాలుగో రోజు నుంచి ఒళ్లు నొప్పులు, పన్నెండో రోజుకు తగ్గిపోయాయి, కీళ్లు వాయలేదు’ అని పుస్తకం తెరిచి చూపిస్తే ఆయన వెంటనే ఒక నిర్ణయానికి రాగలడు. రాసుకునే రోగికి వైద్యం మెరుగ్గా అందుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

మందులషాపు దగ్గర ఇంకో జాగ్రత్త. వైసొలోన్, ఒమ్నాకార్టిల్ లాంటి ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఒకే పేరుతో 5, 10, 20 ఇలా వేరువేరు మోతాదుల్లో వస్తాయి. పేరు చూసి తీసుకుని అంకె చూడకపోతే, నెల రోజుల మీ ఓపిక ఒక్క స్ట్రిప్పుతో వృథా అవుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని అంకె చదివి, అప్పుడే డబ్బులివ్వండి. మాత్ర పొద్దున టిఫిన్ కాగానే వేసుకోవాలి. శరీరంలో కార్టిసాల్ సహజంగా పెరిగేది తెల్లవారుజామునే కాబట్టి అదే సరైన వేళ. సాయంత్రం వేసుకుంటే రాత్రి నిద్ర ఉండదు. ఉపవాసం ఉన్న రోజైనా మాత్ర మానకూడదు. ఏ వేలుపూ మందు మానమని అడగడు.

డాక్టరు ఒకోసారి 7.5 నుంచి మళ్లీ 10కి పెంచుతాడు. చాలామంది ఆ రోజు ఇంటికి వచ్చి ముడుచుకుని పడుకుంటారు. అంతా మొదటికి వచ్చిందని, తమ వల్లే అయిందని. అలా అనుకోకండి. ఎంత మోతాదు దగ్గర మీ జబ్బు మేలుకుంటుందో ఇప్పుడు తెలిసింది. ఈసారి అక్కడికి చేరేటప్పుడు ఇంకా చిన్న మెట్టు వేసుకుంటారు, లేదా మెథోట్రెక్సేట్ లాంటి తోడు మందు బలం పెంచుతారు. ఇంకొక మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అందరూ సున్నాకు చేరరు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో, కొన్ని జబ్బుల్లో, రోజుకు 5 మిల్లీగ్రాములతో ఏళ్లు గడిపేవాళ్లు ఉన్నారు. ఉద్యోగాలు చేస్తున్నారు, సేద్యం చేస్తున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు. మీ గురి మీకు తగిన అతి తక్కువ మోతాదు. అది ఎంత అన్నది మీ శరీరమూ మీ డాక్టరూ కలిసి తేలుస్తారు. పక్కింటివాళ్లు తేల్చేది కాదు.

పక్కింటివాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ముఖం గురించి చెప్పుకోవాలి. స్టెరాయిడ్ వాడితే బుగ్గలు ఉబ్బుతాయి, మెడ వెనక కొవ్వు చేరుతుంది, పొట్ట వస్తుంది. ఆడపిల్లలకు ఇది నరకం. కల్యాణమండపంలో అడుగు పెట్టగానే ఒక పెద్దమ్మ పట్టుకుంటుంది: ‘ఏమ్మే, మొగమేంది ఇట్లా ఊదిపొయ్యింది?’ ఆ మాటకు భయపడి పెళ్లిళ్లు మానేసినవాళ్లు, అద్దం తీసి బీరువాలో పెట్టినవాళ్లు ఉన్నారు. జవాబు ముందే తయారు చేసి పెట్టుకోండి. ‘మందు వల్ల పెద్దమ్మా, తగ్గిస్తా ఉండారు, మొగం గూడా తగ్గిపోతుంది.’ నవ్వుతూ చెప్పి, భోజనాల వైపు నడవండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పైగా అది నిజం కూడా. మోతాదు దిగేకొద్దీ కొన్ని నెలల్లో ముఖం మామూలు రూపానికి వస్తుంది.

మనసు మాట ఇంట్లో ముందే చెప్పాలి. మోతాదు తగ్గే వారాల్లో చిరాకు, దిగులు వస్తాయని భార్యకో, భర్తకో, పిల్లలకో చెప్పి ఉంచితే, ఆ రోజు అరిచినా వాళ్లు దాన్ని మీ గుణంగా తీసుకోరు. ఆ వారాల్లో స్థలం అమ్మడం, ఉద్యోగానికి రాజీనామా, సంబంధం తెంచుకోవడం లాంటివి పెట్టుకోవద్దు. దిగులు ముదిరి బతుకు మీదే విరక్తి పుడితే దాన్ని మందు తాలూకు లక్షణంగానే డాక్టరుకు చెప్పండి. టెలీమానస్ నంబరు 14416. ఏ వేళ చేసినా ఉచితం.

తిండి విషయంలో మన ప్రాంతానిది అదృష్టం. ఎముకలను స్టెరాయిడ్ గుల్ల చేస్తుంది, రాగుల్లో కాల్షియం నిండుగా ఉంది. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు. సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, మజ్జిగ. డాక్టరు రాసిన కాల్షియం, విటమిన్ డి మాత్రలకు తోడుగా ఇవి. కానీ సంగటి పక్కన ఊరగాయ కుప్ప పోసుకుంటే ఉప్పు ఒంట్లో నీరు పట్టిస్తుంది, బీపీ పెంచుతుంది. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ చక్కెరను మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెంచుతుంది. పరగడుపున పరీక్ష బాగుందని ధీమా పడకుండా మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు గంటలకు కూడా చూపించుకోండి.

గజ్జల్లోనో తుంటిలోనో నొప్పి మొదలై కుంటు వస్తే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. విరిగిన ఎముకలకు ఆ కట్టు మీద తరతరాల నమ్మకం ఉంది. అయితే స్టెరాయిడ్ వాడిన మనిషికి వచ్చే తుంటి నొప్పి వేరు. తొడ ఎముక తలకు రక్తం అందక అది లోపలే చచ్చుబడుతూ ఉండొచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనబడదు, ఎమ్మారైలో పట్టుబడుతుంది. త్వరగా పట్టుకుంటే తుంటిని కాపాడే అవకాశం ఉంటుంది. బర్డ్‌లోనో మరో ఎముకల ఆసుపత్రిలోనో చూపించుకుని ‘స్టెరాయిడ్ వాడినాను’ అని మొదటి మాటగా చెప్పండి.

తొడ కండలు కూడా నీరసిస్తాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారో లేదో చూసుకోండి. లేవలేకపోతే అదే మీ వ్యాయామం. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని లేవడం, రోజుకు కొన్నిసార్లు, వారం వారం కొంచెం పెంచుతూ. ‘జబ్బు తగ్గితే అలిపిరి నుంచి నడిచి వస్తాను స్వామీ’ అని మొక్కుకున్నవాళ్లు ఎందరో. 3,550 మెట్లు. తీవ్రమైన జబ్బులున్నవాళ్లు నడకదారిలో రావద్దని టీటీడీయే చెబుతోంది. మోతాదు దింపుతున్న నెలల్లో ఆ మొక్కు ఆగనివ్వండి. బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి, కాళ్లలో బలం వచ్చాక నడక చెల్లించవచ్చు.

ఇంటి నుంచి బయటికి వెళ్లేటప్పుడు పర్సులో ఒక చీటీ ఉండాలి. తెలుగులో, ఇంగ్లీషులో రాసి: పేరు, జబ్బు, మందు, ఈ వారపు మోతాదు, ‘ఇది ఒక్కసారిగా ఆపకూడదు’ అన్న వాక్యం, డాక్టరు ఫోన్ నంబరు. జ్వరం వచ్చినప్పుడు ఆరోగ్యంగా ఉన్న శరీరం కార్టిసాల్ ఎక్కువగా తయారు చేస్తుంది, మీది చేయలేకపోవచ్చు. అందుకే జ్వరంలో మోతాదు ఎంత పెంచాలి, ఎన్ని రోజులు అన్నది మామూలు రోజుల్లోనే డాక్టరును అడిగి ఆ చీటీ వెనక రాయించుకోండి. వాంతులైతే మాత్ర లోపల నిలవదు, ఆసుపత్రిలో సూదిమందే దారి. పన్ను పీకించుకునే ముందు, ఏ ఆపరేషన్ ముందైనా చీటీ బయటికి తీయాలి. సున్నాకు చేరిన తర్వాత కూడా ఏడాదిపాటు దాన్ని పర్సులోంచి తీయకండి. గ్రంథులు రోజువారీ పనికి సరిపడా కోలుకున్నా, పెద్ద జ్వరానికీ ఆపరేషన్‌కూ సరిపడా అప్పటికి కోలుకుని ఉండకపోవచ్చు.